ఫిరోజ్ వాయించిన పెట్టె

కరెంటు పోయి పాలమూరు వీధంతా చీకటైనా, చచ్చిపోయిన ఫిరోజ్ ఆంప్లిఫయర్‌లో గాజు వాల్వులు ఎర్రగా వెలుగుతూనే ఉండటం చూసి దామోదర్ బిగుసుకుపోయాడు.

పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా గదిలో అతనొక్కడే ఉన్నాడు. స్టేజీ మీద షాక్ కొట్టి ఫిరోజ్ పోయినప్పటి నుంచి ఆ పాత ఆంప్లిఫయర్ పెట్టె, అతని గిటారు దామోదర్‌వే. సాయంత్రమంతా వాల్వులను బాగా వేడెక్కనిచ్చి, వాల్యూమ్ పెంచి, ట్రెబుల్ తగ్గించి చూశాడు. ఫిరోజ్ చేతిలో మనిషి గొంతులా పలికే పెట్టె, తన చేతిలో రేకు డబ్బాలా మోగింది.

"నా పెట్టె నా మాటనే ఇంటది తమ్మీ. నువ్వు ఊకే కుళ్లుకోకు" అని ఫిరోజ్ నవ్విన నవ్వు ఇప్పటికీ అతని కడుపులో మండుతోంది.

గిటారు గోడకు ఆనించి ఉంది. దానికి వైరు కూడా లేదు. అయినా పెట్టెలోంచి ఒక స్వరం లేచింది. మెత్తగా, నిండుగా సాగింది.

ఎవరో తలుపు బాదారు. ఎదురింట్లో ఉండే ఫిరోజ్ భార్య యాస్మిన్.

"దామోదర్ భాయ్, లోపల ఎవలు వాయిస్తున్నరు? గా చెయ్యి మా ఆయనదే గదా!"

దామోదర్ రెండు చెవులూ మూసుకున్నాడు. స్వరం తగ్గలేదు.

"ఆపమను భాభీ! పెట్టెకున్న ఎర్త్ వైరు నేనే తెంపిన. భాయ్ పోతే గా సౌండు నాకొస్తదనుకున్న!"