లేవని ఒక్క చెయ్యి

“జడ్జిగారూ, బయట ఎవరో ముసలాయన. కంచరగాడిదెక్కి మూడు రోజులు ప్రయాణం చేసొచ్చాడట. ఒళ్ళంతా బురదే. పంపించెయ్యనా?”

గుమాస్తా ఓర్విల్ మాటకి జడ్జి ఆన్సెల్ తలెత్తలేదు. మొంటానా సుప్రీంకోర్టులో ఆయనకది ఆఖరి రోజు. ముందున్నది ఆఖరి కేసు. గొర్రెల కాపరి లూథర్‌కి హత్య కేసులో కింది కోర్టు ఉరిశిక్ష వేసింది. తోటి జడ్జీల్లో ఒకాయన ఉరే ఖాయమన్నాడు, రెండో ఆయన మళ్ళీ విచారించమన్నాడు. ఇక లూథర్ ప్రాణం ఈయన చేతిలోనే ఉంది.

“పేరేమన్నాడు?”

“ఈబెన్ క్రాడాక్ అటండీ.”

జడ్జి కలం పక్కన పడేశాడు. గబగబా వెళ్ళి, ఆ బురద చేతులు రెండూ పట్టుకుని లోపలికి తెచ్చి, తన కుర్చీలోనే కూర్చోబెట్టాడు.

“ముప్ఫై రెండేళ్ళయిందయ్యా! మీరు కొలువు దిగేలోపు ఒక్కసారి చూసిపోదామని...” అన్నాడు ఈబెన్. “ఆ కాగితాలేంటి?”

“హత్య కేసు, ఉరిశిక్ష. జూరీ పన్నెండు నిమిషాల్లో తేల్చేసింది.”

“చంపుతుంటే ఎవడన్నా చూశాడా?”

“లేదు.”

“మరి తొందరేం ముంచుకొచ్చిందట?”

జడ్జి నవ్వి, ‘మళ్ళీ విచారించాలి’ అని రాసి సంతకం పెట్టాడు. తర్వాత ఇద్దరూ కాఫీ తాగారు. ముసలాయన్ని కంచరగాడిద దాకా దిగబెట్టి వచ్చాడు జడ్జి.

ఓర్విల్‌కి అంతా అర్థమైపోయింది. ఆ కథ ఈ కోర్టులో తెలియనిదెవరికి? కొత్తగా వచ్చిన ప్రతి వకీలుకీ జడ్జే చెబుతాడు. బంగారం తవ్వే రోజుల్లో కోర్టులెక్కడివి? పనివాళ్ళు గుమిగూడి చేతులెత్తితే అదే తీర్పు. గుర్రం దొంగిలించాడని ఒకణ్ణి పీపా ఎక్కించి మెడకి తాడేశారు. ఎనభై చేతులు లేచాయి. ఒక్కడు మాత్రం చెయ్యెత్తకుండా “చూసిందెవర్రా?” అని అడ్డం పడ్డాడు. సాయంత్రానికి గుర్రం మేత మేసి తనే తిరిగొచ్చింది! ఆ ఒక్కడెవరో జడ్జి చెప్పడు. పెద్దమనిషి, తన గొప్ప తను చెప్పుకుంటాడా?

“ఎంత కృతజ్ఞతండీ ఆ ముసలాయనకి!” అన్నాడు ఓర్విల్ కళ్ళు తుడుచుకుంటూ. “ఆ రోజు మీ చెయ్యి కూడా లేచుంటే ఏమైపోయేవాడు!”

“నా చెయ్యెలా లేస్తుందోయ్, పీపా ఎక్కించే ముందే వెనక్కి కట్టేశారుగా!”