పేరిశాస్త్రి గారికి చెప్పని కబురు

"తప్పులుంటే మన్నించండి బాబూ, నా చెయ్యి నిదానం," అని రేడియో స్టేషన్‌కి ఉత్తరం మొదలుపెట్టి సన్యాసమ్మ ఆగింది.

రేడియో పేరిశాస్త్రి గారు పోయి ఏడాదయింది. యంత్రం చేసిన ఆయన గొంతు మాత్రం రోజూ పొద్దున్నే మాట్లాడుతోంది. ఆయన పోయినందుకు శ్రోతలు పంపే సంతాపాల్లో స్టేషన్ వాళ్లు ఆయన పేరు కొట్టేసి ఇస్తే, ఇంకెవరో పోయారనుకుని ఆ గొంతే చదువుతోంది. నిన్న ఆ గొంతు చదవడం ఆపి అడిగింది. "ఆయన అలవాట్లన్నీ నావేనండీ. పోయిందెవరో చెప్పరూ?"

"సెప్పకొదినా!" అంది పక్కింటి పైడమ్మ. "తెలిస్తే మాటాడ్డం మానేస్తాడు. పొద్దున్నే మనకి తోడెవులు?"

రేడియో పాఠాలతో సన్యాసమ్మకు అక్షరాలు నేర్పింది ఆ గొంతే. కొట్టేయడానికి పేరు లేకుండా ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాసింది.

"పోయింది మీరే, బాబూ. ఇక సుఖంగా వెళ్లండి.

కోరాడ సన్యాసమ్మ, డెబ్బై రెండేళ్లు, ప్రస్తుతం పెందుర్తి."