ముందే మాటిచ్చిన మేకపోతు

"ఈ పోతు కుంటిది చాచా! కుంటిదాన్ని కుర్బానీ ఇయ్యొద్దంట గదా?" లచ్చమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

రేపే బక్రీదు. ఫోరస్ రోడ్‌లో పావు రొట్టెల బట్టీ నడిపే ఉస్మాన్ చాచా తాడు చేతబట్టుకొని, ఆయాసపడుతూ కామాఠిపురాలోని ఇరుకు గదుల చాల్ మెట్లెక్కి వచ్చాడు. రంజాన్ వెళ్ళగానే లచ్చమ్మ మొగుడు వెంకటయ్యకు మేకపోతు కోసం డబ్బంతా ముందే ఇచ్చేశాడాయన. పెళ్ళాన్ని ఒక్క మాటైనా అడక్కుండా తీసేసుకున్నాడు ఆ మహానుభావుడు.

"నడిపియ్యి, చూస్త," అన్నాడు చాచా.

పోతు నిజంగానే కుంటింది. నిన్నటిదాకా ఇంటింటికీ దూరి కొత్తిమీర కట్టలు ఎత్తుకుపోయిన పోతు! చాచా వంగి గిట్ట ఎత్తి చూశాడు. సందులో ఇరికించిన చింతగింజ టక్కున కింద పడింది.

"ఇదేంది బెహన్, మందా?"

లచ్చమ్మ తొణకలేదు. "కండ్లు గూడ కానరావు దానికి."

చాచా జేబులోంచి పావు రొట్టె ముక్క తీసి దూరంగా చూపించాడు. పోతు ఒక్క గెంతులో వచ్చి లాక్కుంది.

"చెవు చినిగింది!"

"కొసకు గింతే గదా. చెల్తది."

లచ్చమ్మ దగ్గర వంకలు అయిపోయాయి. పోతు మెడను రెండు చేతులా వాటేసుకొని భోరుమంది. "తీస్కపోకు చాచా! దీన్నిస్తే నా ఇంటికి మంచిది గాదు."

"థూ, ఇజ్జత్ తీస్తున్నవ్ గదనే!" వెంకటయ్య తల పట్టుకున్నాడు. "పైసలు తీస్కున్నంక గిదేం లొల్లి?"

చాచా కళ్ళు చెమర్చాయి. తాడు చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"ఆగు వెంకటయ్యా. నేను మౌల్వీ సాబ్‌ను అడిగే పైసలిచ్చిన. ముందే పైసలిచ్చే బేరంల 'ఇదే మేక' అని వేలు పెట్టి చూపియ్యొద్దు. వయసు, ఎత్తు, ఏ ఐబూ, అవిటీ లేకుండాలె, ఫలానా దినం ఇయ్యాలె, అంతే మాట. నేను గట్లనే చెప్పిన గదా? సరిపోయేది ఏదైనా తెచ్చియ్యి. సాయంత్రం దాక టైముంది."

వెంకటయ్య విరిగి అతికిన కాలితోనే చకచకా మెట్లు దిగి దేవనార్ మేకల సంతకు పరుగెత్తాడు. పొద్దుగూకకముందే ఒక బలమైన పోతును తోలుకొచ్చాడు. చాచా పళ్ళు చూశాడు, కొమ్ములు చూశాడు, చెవులు కొలిచాడు. సంతోషంగా తాడు కట్టాడు.

వెళ్తూ వెళ్తూ లచ్చమ్మ తల మీద చెయ్యి పెట్టాడు. "కన్నబిడ్డ లెక్క సాదినవ్ బెహన్. అల్లా నీ ఇల్లు సల్లగ సూడాలె."

వెంకటయ్య పోతు పక్కన చతికిలబడ్డాడు. ఇన్నేళ్ళు కాపురం చేసినా పెళ్ళాం మనసు ఇంత మెత్తనిదని తెలుసుకోలేదే అనుకున్నాడు. పోతు వీపు నిమిరాడు.

"ఏడ్వకే లచ్చమ్మా. ఇగ దీన్ని ముసలిదయ్యేదాక మనమే సాదుకుందాం."

లచ్చమ్మ ముక్కు చీది, కొంగుతో మొహం తుడుచుకొని, పోతు నుదుటికి ఇంత పసుపు పూసింది.

"ముసలిదయ్యేదాకనా? నీకేమన్న పిచ్చా? నీ కాలు అతికితే పోచమ్మకు కోస్తనని మొక్కింది దీన్నే. ఆషాఢం రానియ్యి!"