గ్లౌజులో గాలి

బయట జీపు హారన్ ఆగకుండా మోగుతోంది. ఈదురుగాలికి తీగలు తెగి ఊళ్లో సగానికి కరెంటు పోయింది. లైన్‌మన్ రబ్బరు గ్లౌజులు సంచిలో కుక్కి, బూట్లు తొడుక్కుంటున్నాడు.

"గాలి పట్టి చూడలేదు మీరు," అంది భార్య, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

స్తంభం ఎక్కబోయే ముందు గ్లౌజును అంచు నుంచి చుట్టి, లోపల గాలి బిగించి చెంప దగ్గర పెట్టుకోవడం అతని అలవాటు. గాలి చెంపకు తగిలిందంటే చిల్లి ఉన్నట్టే. ఇక ఆ రోజు అతను ఎక్కడు.

"కొత్తవి. నిన్ననే ఇచ్చారు. తప్పుకో, అక్కడ ఆసుపత్రికి కరెంటు లేదు."

"ఒక్కసారి చూడండి. మీకు దండం పెడతాను."

విసుక్కుంటూనే సంచి విప్పాడు. మొదటిది బాగానే ఉంది. రెండోది చుట్టి చెంపకు ఆనించగానే సన్నగా గాలి తగిలింది.

"మళ్లీనా? పోయిన రెండు గాలివానలకీ ఇంతే. వానంటే ఈ రబ్బరుకి నాకంటే భయంలా ఉంది."

"భయం రబ్బరుకి కాదండీ."

ఆమె పిడికిలి విప్పింది. అందులో బట్టలు కుట్టే సూది ఉంది.