నడిపేవాళ్ల తప్పు

నాలుగోసారి కారుని మా షెడ్డుకి ఆ అమ్మాయి వాళ్ల నాన్న ఒక్కరే తెచ్చారు. అంతకుముందు మూడుసార్లూ ఆ అమ్మాయే నడిపింది, ఆయన పక్కన కూర్చున్నారు.

"మళ్లీ అదేనా సార్?"

"అదే మేస్త్రీ. అమ్మాయి ఎక్కడ ఆపినా ఇంజను గజగజ వణికి ఆగిపోతోంది. నేనైతే దారిలో ఎక్కడా ఆపకుండా వచ్చేశాను."

సెకండ్ హ్యాండ్ కారు. కొన్న వారానికే ఇంజను విప్పి బాగుచేసింది నేనే. ఈ రోగం ఆ తర్వాతే పట్టుకుంది. ప్లగ్గులు మార్చాను, కార్బురేటర్ కడిగాను. ఎన్ని చేసినా మళ్లీ మొదటికే వచ్చేది. ఇంజన్లు నాకు కొట్టిన పిండి. అందుకే పోయినసారి ఉక్రోషం ఆపుకోలేక ఆ అమ్మాయి ఎదుటే అనేశాను: "లోపం బండిలో లేదు సార్. క్లచ్ తొక్కడం చేతకావాలి."

ఆ అమ్మాయి తల దించుకుంది.

ఇవాళ టార్చి వేసి ఇంజను వెనకవైపుకి తొంగి చూశాను. సన్నటి గొట్టం ఒకటి ఊడి వేలాడుతోంది. దాని నోట్లో నా పాత గళ్లచొక్కా ముక్క. ఏ గొట్టం విప్పినా దుమ్ము పడకుండా గుడ్డ కుక్కడం నా అలవాటు. తిరిగి తగిలించడం మరిచిపోయాను.

"అమ్మాయి రాలేదేం సార్?" అన్నాను వంగే ఉండి.

"ఇక స్టీరింగ్ ముట్టుకోనంటోంది. కారు మీద తిరిగే ఉద్యోగం కదా, అదీ నిన్న వదిలేసింది."

గుడ్డ లాగేసి గొట్టం బిగించాను. స్టార్ట్ చేస్తే ఇంజను తొణక్కుండా తిరగసాగింది.

ఆయన కాసేపు విని, బానెట్ మీద చెయ్యి వేసి నవ్వారు.

"నువ్వన్నదే నిజం మేస్త్రీ. మా అమ్మాయి దిగిపోయాక చూడు, బండి ఎంత బుద్ధిగా ఉందో."

గుడ్డముక్కని పిడికిట్లో దాచుకుని నేను తలూపాను.