నూనెలో నలుసు

పదకొండింటికి మొదటి పేషంటు. గడియారంలో పదయింది. కుర్చీ చూస్తే ఇంకా విప్పిన భాగాలుగా నేలమీదే ఉంది.

పళ్ళ డాక్టరమ్మకు మాత్రం కాళ్ళు నేలమీద ఆనడం లేదు. సొంత క్లినిక్కు, సొంత బోర్డు, కొత్త కుర్చీ! మీట తొక్కితే చాలు, లోపలి నూనె ఒత్తిడికి మనిషిని కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే పైకి లేపుతుంది. కాకపోతే మొదటిసారి వాడేముందు గొట్టాలన్నీ పల్చటి నూనెతో కడిగి, ఆ నూనె పారబోసి, మంచి నూనె నింపాలి. గంట పని అన్నాడు అమ్మినవాడు.

మెకానిక్కు ఏడింటికే వచ్చాడు. ముక్కూ మూతీ కలిపి గళ్ళ తువ్వాలు బిగించుకున్నాడు, నూనె వాసన పడదట. ఇప్పటికి రెండుసార్లు కడిగాడు.

"అయిపోయినట్టేనా మెకానిక్కు గారూ?"

అతను గొట్టంలోంచి కారిన నూనెను తెల్లగుడ్డ మీద పట్టి, కిటికీ వెలుతురుకు ఎత్తాడు.

"నలుసుంది."

ఆమె పళ్ళు చూసే భూతద్దం తెచ్చి మరీ చూసింది. "ఇది గుడ్డ పోగండీ!"

"పోగైతే మాత్రం? గొట్టంలో ఇరుక్కుందంటే పేషంటు సగంలో వేలాడతాడు."

మూడోసారి కడగడం మొదలెట్టాడు.

డాక్టరమ్మ మురిసిపోయింది. ఈ రోజుల్లో ఇంత శ్రద్ధ ఎవరికుంది! కాఫీ తెచ్చింది. వద్దన్నాడు. బిస్కెట్లు తెచ్చింది. చూడనైనా చూడలేదు. పనిమీద ధ్యాసంటే అదీ!

అయినా ఆమె చూపు గడియారం మీదే ఉంది. నిన్న ఫోన్లో ఆ మొదటి పేషంటు ఇల్లాలు ముందే చెప్పింది. "మా ఆయన రెండు ఆస్పత్రుల గుమ్మాలదాకా వచ్చి పారిపోయాడమ్మా. కుర్చీ సిద్ధంగా లేదంటే చాలు, మళ్ళీ చేతికి చిక్కడు. పదకొండింటికల్లా నేనక్కడుంటా."

మొట్టమొదటి పేషంటే పారిపోతే, ఈ క్లినిక్కు గతేం కాను?

పదిన్నరకు ఎలాగో కుర్చీ నిలబడింది. ఆమె ఎగిరి కూర్చుంది. అతను మీట తొక్కాడు. కుర్చీ మెత్తగా లేచింది. దిగింది. మళ్ళీ లేచింది.

"ఇంకోసారి! ఇంకొక్కసారి!" డాక్టరమ్మ పసిపిల్లలా కేరింతలు కొట్టింది. ఆ ఊపులో పక్కనున్న డ్రిల్లు కూడా ఆన్ చేసేసింది. జుయ్యిమంది.

మెకానిక్కు ఉలిక్కిపడి నూనె డబ్బా తన్నేశాడు.

"అయ్యో, పోతే పోయింది లెండి! కుర్చీ మాత్రం బ్రహ్మాండం!"

"లోపల గాలి గుటకేసింది. విన్లేదా?"

"లేదే!"

"నాకు వినబడింది." స్పానరు అందుకున్నాడు.

"మళ్ళీ విప్పకండి బాబూ, మీకు దణ్ణం పెడతా! ఆయనొచ్చేస్తాడు!"

"వస్తాడంటారా? నాకైతే నమ్మకం లేదు."

సరిగ్గా పదకొండు. తలుపు తోసుకుని ఫోన్లో మాట్లాడిన ఇల్లాలు వచ్చింది. ఒక్కతే.

డాక్టరమ్మ మొహం వాడిపోయింది. "మీవారేరండీ? పారిపోయారా?"

ఇల్లాలు కుర్చీ కిందికి దూరుతున్న మెకానిక్కును కాలరు పట్టి బయటికి లాగి, మూతికున్న తువ్వాలు ఊడదీసి, బంతిలా వాచిన ఎడమ బుగ్గను డాక్టరమ్మ వైపు తిప్పింది.