శావల్యాపురం బేరం

"చేతులు కడుక్కున్నావట్రా, ఆ చేతులతోనే ముట్టుకుంటున్నావా చీరని?"

మహాలక్ష్మమ్మ గొంతు బట్టల కొట్టు దాటి బజారులోకి వినపడింది. గుమాస్తా ప్రభాకరరావు చేతులు పంచెకు తుడుచుకుని, విప్పిన చీర మడతపెట్టి, ఇంకొకటి విప్పాడు.

"ఏందిరా ఆ ఎముకలు? గుడ్డ తాను ఎత్తలేక వణుకుతున్నావు. నీ పెళ్ళాం నీకు కూడెయ్యదా?"

"వేస్తుందండీ."

"ఏసే మొహమేనా అది? ఆదివారం ఆదివారం దాని వెంట చర్చికెళ్ళి మోకాళ్ళ మీద వంగుతావంటగా. ఆ వంగేదేదో ఇక్కడ వంగి కింద వరసలోది తియ్యి."

బేరానికొచ్చిన మిగతావాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. నాగూర్ వలి మాత్రం దుప్పట్ల మూల నుంచి కళ్ళార్పకుండా చూస్తున్నాడు. జాలిపడాల్సిన చోట అతనికి కడుపు మండుతోంది.

నరసరావుపేటలో ఆ కొట్టు తెరిచిన నాటి నుంచీ వలి అందులో గుమాస్తా. అతను చీర విప్పితే కొనకుండా దిగిన ఆడమనిషి లేదని పేరు. అలాంటివాణ్ణి పక్కకు నెట్టి, ముందు గద్దె మీద నిరుడొచ్చిన ప్రభాకరరావు కూర్చున్నాడు. దానికి కారణం ఈ మహాలక్ష్మమ్మే. శావల్యాపురంలో పెద్ద కమతం వాళ్ళది. నెలకోసారి రైలు దిగి వస్తుంది. వెంట భర్త వెంకట్రామయ్య వస్తాడు గానీ కొట్టెక్కడు. వీపు ఇటు పెట్టి, బయట అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ కూర్చుంటాడు. ఆవిడ వస్తూనే "వాడేడి?" అంటుంది. వలి ఎదురెళ్ళి చాప పరిచినా, సోడా తెప్పించినా, ఆవిడకు వాడే కావాలి. వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి, తిట్టినంతసేపూ చీరలు విప్పించి, చివరికి పెద్ద మూటే కట్టించుకుపోతుంది. ఆవిణ్ణి చూసి ఆ ఊరివాళ్ళంతా ఇక్కడికే వస్తున్నారు.

ఆవేళ పోతూపోతూ ఆవిడ చొక్కా గుడ్డ ఒకటి కత్తిరింపించి, ప్రభాకరరావు మీదికి విసిరింది.

"కుట్టించుకో. ఆ పేలికల కాలరుతో మళ్ళీ నా కళ్ళబడమాక."

ఇన్నేళ్ళ కొలువులో వలికి ఏ బేరమూ చేతిరుమాలు కూడా ఇచ్చి ఎరగదు.

"నీకు సిగ్గెయ్యదంటయ్యా?" అన్నాడు ఆవిడ వెళ్ళాక. "కుక్కను అదిలించినట్టు అదిలిస్తంటే."

ప్రభాకరరావు ఆ గుడ్డను జాగ్రత్తగా మడతపెట్టుకుంటున్నాడు. "ఆవిడ నోరంతేలే వలీగారూ" అని నవ్వాడు.

ఆ నవ్వు వలికి నిద్ర పట్టనివ్వలేదు. మర్నాడు పొద్దున్నే షావుకారు కోటేశ్వరరావు దగ్గర చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"అయ్యా, ఆ శావల్యాపురం అమ్మకి ప్రభాకరాన్ని చూస్తేనే ఒళ్ళు మండతంది. అంతలేసి మాటలు ఊరికే అంటదా? ఏదో ఒకరోజు విసుగుపుట్టి రావటం మానుకుంటది. ఆమె మానుకుంటే ఊరు ఊరే మానుకుంటది."

షావుకారు చానాసేపు ఆలోచించాడు. తిట్లు ఆయనా విన్నవే. మధ్యాహ్నం ప్రభాకరరావును పిలిచి, ఇక రావద్దన్నాడు.

ఎప్పుడూ గొంతెత్తని మనిషి ఆవేళ బతిమాలాడు. "దుప్పట్ల మూలకి వేయండి, గోడౌనులో వేయండి. ఆవిడొచ్చిన పూట మాత్రం నన్ను ఇక్కడ ఉండనీయండి, చాలు."

'చొక్కా గుడ్డలు మరిగాడు' అనుకున్నాడు వలి.

ముందు గద్దె మళ్ళీ వలిది అయింది. యుద్ధం రోజులు, పని దొరకటం కష్టంగా ఉంది. ప్రభాకరరావు ఊరంతా తిరిగి తిరిగి, పట్టాళంలోకి మనుషుల్ని తీసుకునేవాళ్ళు వస్తే వాళ్ళ వెంట వెళ్ళిపోయాడని తెలిసింది. వలికి ఆ పూట ముద్ద దిగలేదు. మర్నాటికి సర్దుకున్నాడు.

మహాలక్ష్మమ్మ వచ్చింది. అరుగు మీద వెంకట్రామయ్య చుట్ట ముట్టించాడు.

"వాడేడి?"

"ఇంక వాడితో మీకు బాధ లేదమ్మా" అన్నాడు వలి, చాప పరుస్తూ. "తీసేశారు. మీరన్న మాటలన్నీ నేనే షావుకారు గారి చెవిన వేశాను."

"నేనన్న మాటలా?"

"అవునమ్మా. మీ అంతటోళ్ళకి కోపం తెప్పించేవాడు కొట్లో ఎందుకని." వలి తన పనితనమంతా చూపిస్తూ వెంకటగిరి చీర ఒకటి ఆవిడ ముందు బారుగా పరిచాడు. "చూడండమ్మా, ఎట్టా ఉందో."

తిడుతుందేమోనని ఎదురుచూశాడు. నిజానికి ఆవిడ తనని తిట్టాలనే ఉంది అతనికి. ఆవిడ చీరవంక చూడలేదు.

"ఇప్పుడు ఎక్కడున్నాడు బాబూ?" అంది. ఆ గొంతు అంత మెత్తగా ఉంటుందని వలికి తెలియదు.

"పట్టాళంలో కలిశాడంటమ్మా. ఓడెక్కించారని చెప్పుకుంటన్నారు."

ఆవిడ గద్దె అంచు పట్టుకుని ఉన్నచోటే కూలబడింది. బయట అరుగు మీద వెంకట్రామయ్య లేచాడు. చుట్ట పారేసి, మొదటిసారి ఆ కొట్టు మెట్లెక్కాడు. భార్య ముఖం చూశాడు. అంతా విన్నట్టే ఉంది. ఆవిడ పక్కన చాప మీద మెల్లగా కూర్చున్నాడు.

వలి పరిచిన చీరను పక్కకు లాగి, ఆయన వైపు తిరిగాడు.

"ఆ ప్రభాకరం మీకంత తప్పు ఏం చేశాడయ్యా?"

"మా కడుపున పుట్టాడు" అన్నాడు వెంకట్రామయ్య.